మా యింటి రూటరు – ఒక తర్కపాఠము



నేఁటి నా ప్రసంగవిషయమును విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. బాల్యమున గురుముఖముగా తర్కవ్యాకరణములు నేర్చి, ముప్పది యైదు సంవత్సరములు బడిపిల్లలకు తెలుఁగు చెప్పి, అఱువది దాఁటిన యీ పంతులు ఇంటరునెట్టు యంత్రమును గుఱించి చెప్పఁబోవు టేమి యని మీకు తోఁచుట సహజము. నేను యంత్రజ్ఞుఁడను గాను. కాని గడచిన మాఘమాసమున ఆ యంత్రము మూలముగా నేనొక పొరపాటు చేసితిని. దానివలన ఒక బాలునకు అన్యాయము జరిగినది. అది యెట్లు జరిగినదో, ఎట్లు సరియైనదో చెప్పినచో, ఇట్టి యంత్రములు గల మీ యిండ్లకు కొంత యుపయోగము కలుగునని తలఁచి ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ముందుగా మా యింటి యేర్పాటు మనవి చేసెదను. మా యూరికి ఇంటరునెట్టు గాజుతీఁగపై వచ్చుచున్నది. ఆ తీఁగలోని గాజుపోగు వెండ్రుక వలె సన్నము. దానిలో వెలుఁగు మిలమిలలాడుచు వార్తలను మోసికొని వచ్చును. ఆ తీఁగ వచ్చి చేరెడి చిన్న పెట్టె మా క్రింది సావడిలో నున్నది. దానినే రూటరు అందురు. అది తీఁగలు లేకుండ మా ఫోనులకు ఇంటరునెట్టును పంచిపెట్టును. మేడమీఁది గదికి దాని బలము చాలదు. కావున మా కుమారుఁడు గత దసరా సెలవులకు వచ్చినపుడు పాత రూటరు నొకదానిని మేడమీఁద నుంచి, క్రింది యంత్రమునుండి దానికి తీఁగ లాగి, రెంటికిని ఒకే పేరు, ఒకే రహస్యపదము పెట్టిపోయెను. మేడమీఁది ప్లగ్గునకు వేఱుగా స్విచ్చి లేదు. గదిలోని ట్యూబులైటును వెలిఁగించు స్విచ్చియే దానికిని ఆధారము. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను; నేను మఱచితిని.

మా పొరుగున నొక చిన్నవాఁడు కలఁడు. ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నాఁడు. తండ్రి లేఁడు, తల్లి కుట్టుపని చేయును. వారిది ఒంటిగది యిల్లు. కుట్టు మిషను చప్పుడులో చదువు సాఁగదని, మా మేడమీఁది గదిలో కూర్చుండి చదువుకొమ్మని నేనే వానికి చెప్పితిని. ప్రతిదినము సాయంకాలము 6 గంటలకు వచ్చి, 9 గంటలకు పోవుచుండెను. కొన్ని పాఠములను ఫోనులో చూచి నేర్చుకొనుచుండెను.

ఇఁక వచ్చిన యిబ్బంది యిది. సంక్రాంతి వెళ్లిన పిదప కొన్ని దినములకు, నేను సాయంకాలము కాలువగట్టున నడచి 6.30 గంటలకు ఇంటికి రాఁగానే నా ఫోనులో ఇంటరునెట్టు రాకుండెను. హైదరాబాదులోని మా మనుమరాలికి 7 గంటలకు ఆ ఫోనులో తెలుఁగు పాఠము చెప్పుట నాకు నిత్యవిధి. ఆ వేళకే ఈ యాటంకము. వింత యేమనఁగా, ఫోనుమీఁద వైఫై గుర్తు నిండుగానే యుండెను. క్రింది యంత్రముమీఁది దీపములన్నియు పచ్చఁగానే వెలుఁగుచుండెను. చూచుటకు సర్వము సవ్యముగా నున్నది. కాని యొక్క పుటయు తెఱచుకొనదు. ఉదయము లేచి చూడఁగా అంతయు చక్కఁగా నుండెను. మరల సాయంకాలము అదే కథ.

అందఱును చేయు పనినే నేనును చేసితిని. ఒకనాఁటి రాత్రి క్రింది రూటరును ఆర్పి, మరల వెలిఁగించితిని. అంతవఱకు చక్కఁగా పనిచేయుచుండిన మా యింటియామె ఫోను కూడ నిలిచిపోయెను. "ఏమండీ, వైద్యుఁడు వచ్చి చేయి చూచినందులకు ఆరోగ్యముగా నున్నవారు కూడ మంచమెక్కిరి గదా" యని ఆమె యనెను. ఆ యంత్రమును ఇఁక ముట్టవలదని నాకు ఆంక్ష విధించెను.

తీఁగలు చూచు కుఱ్ఱవాఁడు మఱునాఁడు పగలు 11 గంటలకు వచ్చి, తీఁగలోని వెలుఁగు బలమును కొలిచి, ఏ లోపమును లేదని చెప్పిపోయెను. నా ఫోనునే శంకించి పట్టణములోని దుకాణమునకు తీసికొనిపోయితిని. అక్కడ అది చక్కఁగా పనిచేసెను. ఇఁక నాకు తోఁచినది శాస్త్రమే.

తర్కశాస్త్రమున కారణమును కనుఁగొనుటకు రెండు మార్గములు చెప్పుదురు. ఒకటి యున్నచో రెండవది యుండుట అన్వయము. అది లేనిచో ఇది లేకుండుట వ్యతిరేకము. వంటయింట పొగ యున్నది, నిప్పు ఉన్నది. చెఱువులో నిప్పు లేదు, పొగయు లేదు. ఈ ఉదాహరణములు అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివిన ప్రతి విద్యార్థికిని కంఠస్థములే. నేను కాగితము తీసి ఎనిమిది దినముల లెక్క వ్రాసికొంటిని. చిన్నవాఁడు వచ్చిన ఆఱు సాయంకాలములు ఇంటరునెట్టు పోయినది. వాఁడు రాని రెండు సాయంకాలములు పోలేదు. అన్వయమును కుదిరినది, వ్యతిరేకమును కుదిరినది. వాఁడు మేడమీఁద కూర్చుండి పాఠములని చెప్పి ఏవో బొమ్మలాటలు చూచుచు ఉన్నదంతయు తానే లాగికొనుచున్నాఁడని నిశ్చయించితిని.

ఆ సాయంకాలమే వాఁడు పుస్తకములు పట్టుకొని రాఁగా, మా వీధి యరుగుమీఁద నలుగురు కూర్చుండి యుండఁగానే, "అబ్బాయీ, చదువు కొఱకు స్థలమిచ్చితిని గాని యాటల కొఱకు ఇయ్యలేదు. రేపటినుండి రానక్కఱలేదు" అంటిని. వాఁడు తల వంచుకొని, "అట్లాగేనండీ, మాస్టారూ" అని వెళ్లిపోయెను. అప్పటికి వాని పరీక్షలకు ఇరువదియాఱు దినములు మాత్రమే యున్నవి.

మఱునాఁటినుండి ఇంటరునెట్టు నిరాటంకముగా వచ్చెను. ఒకటి కాదు, తొమ్మిది దినములు. నా తర్కము ఋజువైనదని నేను పొంగిపోయితిని. మా కుమారునితో ఫోనులో చెప్పి మెప్పుకోలు కూడ పొందితిని.

పదియవ దినమున మా యింటియామె క్రొత్త చింతపండును జాడీలో పెట్టుటకు సాయంకాలము మేడమీఁదికి పోయి, దీపము వెలిఁగించి, పని యింకను మిగిలియుండుటచే దానిని ఆర్పకయే క్రిందికి దిగివచ్చెను. నేను నడక ముగించుకొని వచ్చి ఫోను తీసితిని. గుర్తు నిండుగా నున్నది, పుట తెఱచుకొనదు. నేను నివ్వెఱపోయి నిలువఁబడఁగా ఆమె నెమ్మదిగా నిట్లనెను:

"ఆ పిల్లవాఁడు నేఁడు రాలేదు గదండీ. నాకు మొదటినుండియు ఒక సందేహము. వాఁడు వచ్చిన దినములలో కూడ నా ఫోను పనిచేయుచునే యుండెను. నూతిలోని నీరంతయు వాఁడే తోడుకొనిపోయినచో, నా బిందెలోనికి మాత్రము నీరు ఎట్లు వచ్చినదండీ?"

మహాశయులారా, ముప్పది యైదు సంవత్సరములు పాఠములు చెప్పిన నాకు ఆ ప్రశ్న తోఁచలేదు. నా లెక్క కాగితములో నా ఫోనును గుఱించియే వ్రాసికొంటిని. ఆమె ఫోను కన్నులయెదుట సాక్ష్యమిచ్చుచుండఁగా దానిని విచారింపనైతిని.

ఆ రాత్రి కుమారుని పిలిచి జరిగినది చెప్పితిని. "నాన్నగారూ, రెండు ఫోనులను ప్రక్కప్రక్కను పెట్టుఁడు. వైఫై వివరములలో ఐపీ అడ్రసు, గేట్‌వే అను రెండు సంఖ్యలుండును. రెండు ఫోనులలోనివియు వ్రాసి చదువుఁడు" అని వాఁడు చెప్పెను. వ్రాసితిని. ఆమె ఫోనులో అడ్రసు 192.168.1.7, గేట్‌వే 192.168.1.1. నా ఫోనులో అడ్రసు 192.168.0.103, గేట్‌వే 192.168.0.1. ఒకే యిల్లు, ఒకే వైఫై పేరు. కాని మూఁడవ స్థానమున ఒకదానిలో ఒకటి, రెండవదానిలో సున్న. వాఁడు వినఁగానే, "క్రింది రూటరు సున్న అంకెను ఎన్నఁడును ఇయ్యదు. మీ ఫోనునకు సంఖ్య నిచ్చినది మేడమీఁది పాత రూటరు" అనెను.

దీని మర్మమును బడి భాషలో చెప్పెదను. తరగతిలోనికి క్రొత్త పిల్లవాఁడు వచ్చినచో వానికి హాజరుపట్టీలో ఒక సంఖ్య యిచ్చి, "బయటికి పోవలసి వచ్చినచో అదిగో ద్వారము" అని ఉపాధ్యాయుఁడు చూపును గదా. ఇంటిలోనికి వచ్చిన ప్రతి ఫోనును అట్లే, "నాకు సంఖ్య నిచ్చువారెవరు?" అని బిగ్గరగా అడుగును. రూటరు బదులు పలికి, ఒక సంఖ్యయు, బయటి లోకమునకు పోవు ద్వారము యొక్క గుఱుతును ఇచ్చును. ఆ సంఖ్యయే ఐపీ అడ్రసు. ఆ ద్వారమే గేట్‌వే. ఈ సంఖ్యాదానమునకు డీహెచ్‌సీపీ యని పేరు. రాల్ఫ్ డ్రోమ్స్ అను పండితుఁడు 1993లో దీని నియమములను ప్రకటించి, 1997లో సవరించెను. 192.168 అని మొదలగు సంఖ్యలు ఇండ్లలోను కార్యాలయములలోను లోపలి వాడుకకు విడిచిపెట్టఁబడినవి. కావుననే మీ యింటిలోను మా యింటిలోను అవే సంఖ్యలుండినను తగవు రాదు.

ఒక తరగతిలో ఉపాధ్యాయుఁ డొక్కఁడే యుండవలెను. ఇద్దఱుండి, ఇద్దఱును హాజరుపట్టీలు తెఱచినచో పిల్లవాఁడు ఎవరి మాట వినును? సాధారణముగా ఎవరు ముందు పలికిన వారి మాటయే. మేడమీఁది ఉపాధ్యాయుఁడు మేల్కొనియున్న వేళ నా ఫోను ఇంటిలోనికి వచ్చుచుండెను. అతఁడు తన పట్టీలో సంఖ్య నిచ్చి, తన గోడనే చూపి, అదియే ద్వారమనుచుండెను. అక్కడ ద్వారము లేదు. నా ఫోను ఆ గోడను తట్టుచు నిలిచిపోవుచుండెను. వైఫై గుర్తు నిండుగా నుండుటకు కారణమిదియే. ఫోనునకును యంత్రమునకును నడుమ లోపము లేదు. యంత్రమునుండి బయటికి పోవు త్రోవయే లేదు.

మా యింటియామె ఫోను ఇల్లు కదలదు. అది ఉదయముననే క్రింది రూటరువద్ద సంఖ్య తీసికొన్నది. ఒకసారి యిచ్చిన సంఖ్య కొంత గడువు వఱకు చెల్లును; సగము గడువు గడవఁగానే ఫోను ఆ సంఖ్య నిచ్చినవారినే అడిగి పొడిగించుకొనును. కావున సాయంకాలము రెండవ ఉపాధ్యాయుఁడు లేచినను దానికి బాధ లేదు. నేను క్రింది రూటరును ఆర్పి వెలిఁగించిన రాత్రి ఆమె ఫోను సయితము మరల సంఖ్య నడుగవలసి వచ్చినది. క్రింది యుపాధ్యాయుఁడు ఇంకను కన్నులు నులుముకొనుచుండఁగా పైవాఁడు ముందుగా పలికెను. రాత్రి పరుండఁబోవునపుడు ఫోనులను ఆర్పివేయుట మా యింటి యాచారము. ఉదయమున అవి క్రొత్తగా సంఖ్య నడుగు వేళకు మేడమీఁది దీపము ఆఱియుండును గనుక సరియైన సంఖ్యయే దొరకుచుండెను. తీఁగలు చూచు కుఱ్ఱవాఁడు వచ్చినది పగలు. ఒక్కొక్క ముడియు ఇట్లు విడిపోయెను.

మిగిలినది ఒక్క ప్రశ్న. దసరా మొదలు సంక్రాంతి వఱకు చక్కఁగా నడచినది తఱువాత నేల చెడినది? కుమారుఁడు నన్ను మేడమీఁదికి పొమ్మని, పాత రూటరు వెనుకఁ జూడుమనెను. దానికి వెనుక అయిదు రంధ్రములు కలవు. నాలుగు పసుపుపచ్చనివి, ఒకటి నీలము. నీలపు రంధ్రము బయటినుండి వచ్చు తీఁగకు. మిగిలిన నాలుగు ఇంటిలోని యంత్రములకు. తీఁగ నీలములో నున్నంతకాలము పాత రూటరు క్రింది రూటరునకు శిష్యుఁడై, తనవద్దకు వచ్చిన ఫోనులకు మాత్రమే సంఖ్యలిచ్చి, వానిని నీలపు ద్వారము గుండ బయటికి పంపును. పసుపుపచ్చ రంధ్రములో పెట్టినచో ఇల్లంతయు దానికి ఒకే తరగతి. దాని కేక క్రింది సావడి వఱకు వినఁబడును. నీలపు ద్వారము మాత్రము మూసికొనిపోవును. నేను చూచునపుడు తీఁగ పసుపుపచ్చలో నున్నది.

దానిని అక్కడ పెట్టిన వారెవరు? నేనే. సంక్రాంతికి ముందు గోడలకు సున్నము కొట్టించునపుడు ఆ పెట్టెను దింపి, తిరిగి పెట్టునపుడు తీఁగను దొరకిన రంధ్రములో గ్రుచ్చితిని. అది సులభముగా ఇమిడిపోయినది గనుక సరియైనదే యనుకొంటిని.

తీఁగను నీలములోనికి మార్చి, నా ఫోనులో వైఫైని ఆపి మరల పెట్టితిని. అడ్రసు 192.168.1.9 అని వచ్చెను. మేడమీఁది దీపము వెలుఁగుచునే యున్నది. ఇంటరునెట్టును వచ్చుచునే యున్నది. నిశ్చయము కొఱకు దీపమును మూఁడు మాఱులు ఆర్పి వెలిఁగించి, ప్రతిమాఱును ఫోనును క్రొత్తగా కలిపి చూచితిని. లోపము లేదు. తీఁగను పసుపుపచ్చలోనే యుంచి, పాత రూటరు సంఖ్యలిచ్చు పనిని మాన్పించి, దాని సొంత సంఖ్యను 192.168.1.2గా మార్చుటయు ఒక మంచి పద్ధతియే యని కుమారుఁడు చెప్పెను. నాకు తీఁగ మార్చుటయే సుకరముగా నుండెను.

ఇఁక తర్కమునకు వచ్చెదను. అన్వయవ్యతిరేకములు రెండును కుదిరినను నేనేల పొరపడితిని? మన పెద్దలు దీనికి ఉపాధి యని పేరు పెట్టియే యున్నారు. నిప్పున్న చోట నెల్ల పొగ యుండునని వాదించువానికి, కాలిన యినుపగుండును చూపుదురు. అందు నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగకు కావలసినది తడికట్టెతోడి చేరిక. అదియే ఉపాధి. మా యింట పిల్లవాఁడు నిప్పు వంటివాఁడు. మేడమీఁది దీపము తడికట్టె. ఇంటరునెట్టు పోయిన ప్రతి వేళయు ఆ దీపము వెలుఁగుచునే యున్నది. పిల్లవాఁడున్న ప్రతి వేళయు అది వెలుఁగుచుండలేదు. ఆదివారములు వాఁడు పగటివేళ వచ్చి కిటికీ వెలుఁగున చదువుకొనినపుడు ఏ లోపమును రాలేదు. దానిని నేను చూచియు లెక్కలో చేర్చలేదు. కావలసిన సాక్ష్యమును మాత్రము ఏఱుకొనువానికి శాస్త్రము వచ్చినను ఫలమేమి?

ఇట్టిది మా యింటనే కాదు. బ్రిటనులోని వేల్సు దేశమున అబెర్‌హోసన్ అను చిన్న పల్లె కలదు. అక్కడ పదునెనిమిది నెలల పాటు ప్రతిదినము ఉదయము 7 గంటలకు ఊరంతటికిని ఇంటరునెట్టు చెడిపోవుచుండెను. తీఁగలు మార్చిరి, ఫలము లేదు. తుదకు యింజనీర్లు ఒక పరికరమును చేతఁబట్టి, వానలో వీధులవెంట నడచి కనుఁగొనఁగా, ఒక యింటివారు ఉదయము 7 గంటలకు పెట్టెడి పాత టెలివిజను వెలువరించు విద్యుత్ సంక్షోభమే కారణమని తేలెను. 2020లో ఈ సంగతి ప్రకటితమైనది. ఆ యింటివారు మిక్కిలి చిన్నవోయి, దానిని ఇఁక వాడమనిరి. వారికి దోషబుద్ధి లేదు. వారికి తెలియనే తెలియదు. అక్కడ యింజనీర్లు యంత్రము దొరకువఱకు వెదకిరి. నేను మనుష్యుఁడు దొరకఁగానే వెదకుట మానితిని.

మఱునాఁడు ఉదయము ఆ చిన్నవాని యింటికి పోయితిని. నేను మాట తూలినది వీధి యరుగుమీఁద, నలుగురి యెదుట. కావున లోపలికి పోక, వారి వాకిటనే నిలిచి, దారినిపోవువారు వినుచుండఁగానే, "నాయనా, తప్పు నాది. తీఁగ నేను తప్పుగా పెట్టి నిన్ను అంటిని" అని చెప్పితిని. వాని తల్లి, "అయ్యో, అంత మాట యెందుకండీ మాస్టారుగారూ" అని కంగారుపడెను. ఆ తొమ్మిది దినములును వాఁడు సైకిలుమీఁద పొరుగూరి స్నేహితుని యింటికి పోయి చదువుకొని, రాత్రి పొద్దుపోయి వచ్చుచుండెనని అప్పుడు తెలిసినది.

"మేడమీఁద నీకు పాఠములు వచ్చుచుండెనా?" అని యడిగితిని. వాఁడు కొంతసేపు తటపటాయించి, "సంక్రాంతి తఱువాత సరిగా రాలేదండీ. మీరే ఆపించినారేమో ననుకొని అడుగలేదండీ. పుస్తకము చూచి చదువుకొన్నాను" అనెను.

ఎవఁడు సర్వమును లాగికొనుచున్నాఁడని వెళ్లఁగొట్టితినో, వానికి ఒక్క చుక్కయు అందలేదు. మొదటినాఁడే వానిని పిలిచి, "నీకు వచ్చుచున్నదా?" అని యొక్క ప్రశ్న వేసియున్నచో, లోపము మేడమీఁద నున్నదని ఆనాఁడే తెలిసియుండును. సాక్షిని విచారింపకయే శిక్ష వేసితిని. పరీక్షలకు మిగిలినవి పదునాఱు దినములు. వాఁడు ఆ సాయంకాలమునుండి మరల వచ్చి చదువుకొనెను. పోయిన తొమ్మిది సాయంకాలములను నేను తిరిగి యీయలేను.

మీ యిండ్లలో ఇట్టి చిక్కు వచ్చినపుడు చేయవలసిన దానిని సంగ్రహముగా చెప్పి ముగించెదను. దీపములు పచ్చఁగా నున్నంతమాత్రమున సర్వము బాగుగా నున్నదని తలఁపవలదు. ఒక ఫోను పనిచేసి యొకటి పనిచేయకున్నచో, రెంటి అడ్రసులను గేట్‌వేలను ప్రక్కప్రక్కను వ్రాసి పోల్చుఁడు. గేట్‌వేలు వేఱుగా నున్నచో ఇంటిలో సంఖ్య లిచ్చువారు ఇద్దఱున్నారేమో చూడుఁడు. చెడిన వేళను వ్రాసి, ఆ వేళ ఏ దీపము, ఏ మోటారు, ఏ స్విచ్చి నడచుచున్నదో దాని కెదుట వ్రాయుఁడు. ఏ తీఁగనైనను ఊడఁదీయుటకు ముందు, అది యున్న రంధ్రమునకును తీఁగకును ఒకే రంగు దారము కట్టుఁడు. నాకు సున్నము నాఁడు ఆ దారమే యున్నచో ఈ ప్రసంగమే యుండదు. కడపటి మాట: కారణము మనుష్యుఁడని తోఁచినపుడు, వానితో మాటాడకుండ నిర్ణయింపవలదు.

మా మేడమీఁది ప్లగ్గునకు ఇప్పుడు వేఱు స్విచ్చి పెట్టించితిమి. ఆ పని చేయించినది మా యింటియామె.

సెలవు.